సానరాయి మీద వస

వస మొక్క మీద జాలిపడకూడదు. జాలిపడి తవ్వకుండా వదిలేస్తే దుంప ముదిరిపోయి లోపల గుల్లబారుతుంది. వేళ్ళు ఒకదాన్నొకటి అల్లుకుని ఆకు సన్నబడిపోతుంది. చలికాలం చివర ఆకు కొసలు పసుపు తిరగ్గానే చీర ఎగగట్టి, కొడవలి పట్టుకుని బురదలోకి దిగాలి. ముదురు దుంప పీకేసి, చివర మొలక ఉన్న ముక్కని మాత్రం కోసి మళ్ళీ అదే బురదలో మడమతో తొక్కిపెట్టాలి. తల్లిని తీసి పిల్లని నాటడం. అంతే దాని వ్యవసాయం. పీకిన దుంపని కడిగి, పీచు వేళ్ళు మంట మీద కమిలించి, వేలెడేసి ముక్కలు కోసి నీడన ఆరబెట్టుకుంటే మళ్ళీ ఏడాది దాకా చూడక్కర్లేదు.

మా ఊరు రామచంద్రపురానికి దగ్గర. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు మా వీధిలో అందరి పెరళ్ళూ ఎండిపోతాయి, నా వస మడి ఎండదు. గిన్నెలు తోముకునే చప్టా దిగువనే ఉందది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు, ఒక్క చెంబెడు కూడా మా ఇంట్లోంచి వీధిలోకి పోవు. సబ్బు నీళ్ళు మాత్రం కొబ్బరి మొదట్లోకి. ఈ సంగతి కోడలికి నేర్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఎన్ని మాటలన్నానో లెక్కలేదు.

మొక్క మా అత్తగారు పెట్టింది. నేను అయిదో తరగతి దాకా చదివాను. మా అత్తగారు అదీ చదవలేదు. ఆవిడ అనేది, వస పోస్తే రాయైనా మాట్లాడుతుందని. నేను అది నమ్మాను. మా అబ్బాయికి పదో నెలలోనే మాట వచ్చింది మరి. పురుడు పోసుకున్న ఇంటివాళ్ళు ఎవరైనా మా గుమ్మం ఎక్కవలసిందే. ఎక్కినవాళ్ళకి నేను ముక్క ఇచ్చేదాన్ని, వేలికణుపంత. అరగదీయగా మిగిలిన ముక్క తెచ్చి చూపిస్తేనే ఇంకోటి. మామ్మగారి వస పోస్తే పిల్లలు మాట్లాడ్డమే కాదు, మామ్మగారిలా తిట్టడం కూడా నేర్చుకుంటారని ఎదురింటావిడ నవ్వేది. నాకది పొగడ్తలాగే ఉండేది.

వస పోయడమంటే తెలియనివాళ్ళకి చెబుతాను. వస కొమ్ముని, అంటే ఎండిన ఆ దుంప ముక్కని, ఆముదం దీపం మీద నల్లగా కాల్చి, సానరాయి మీద తల్లిపాల చుక్క వేసి, మూడే మూడు చుట్లు అరగదీసి, ఆ గంధాన్ని చూపుడువేలితో బిడ్డ నాలిక మీద రాస్తారు. నాలిక మందం పోతుంది, మాట తొందరగా వస్తుంది, కడుపు ఉబ్బరం తగ్గుతుందంటారు. బియ్యం డబ్బాలో ఓ ముక్క పడేస్తే పురుగు పట్టదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ అబద్ధం కాదు.

మా మనవరాలు పుట్టిన పదకొండో రోజునే మొదలుపెట్టాను.

కోడలిది జంగారెడ్డిగూడెం వైపు. వాళ్ళ నాన్నకి పామాయిలు తోట. మెట్ట పిల్ల, తడి తెలియదు, తమలపాకు తెలియదు అని నేను దాని ముఖం మీదే అనేదాన్ని. ఎదురు చెప్పేది కాదు. ఇంటరు చదివింది, మాట తక్కువ. అందుకే మరీ లోకువైంది.

బిడ్డ బంగారం లాంటిది. పక్కన మిక్సీ తిరుగుతున్నా నిద్రపోయేది. కుక్కరు కూతకి ఎదురింటి పసివాడు గుక్కపట్టి ఏడిస్తే, మా పిల్ల కన్ను తెరిచేది కాదు. ఉలికిపాటు లేని పిల్ల, గట్టి గుండె, నా పోలిక అని వీధంతా చెప్పుకున్నాను. అప్పటికి దానికి ఏడో నెల.

ఎనిమిదో నెలలో కోడలు నా దగ్గరికి వచ్చి నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "అత్తయ్యగారూ, పిలిస్తే చూడటం లేదండి. ఎదురుగా వెళ్తేనే నవ్వుతోంది. ఒకసారి రాజమండ్రిలో చూపిద్దామాండి" అంది.

నేను అప్పుడు చింతపండు గింజలు తీస్తున్నాను. తలెత్తలేదు.

"నా మనవరాలికి చెవుడు అంటగడుతున్నావా? నీ నోటికి అడ్డం లేదా?" అన్నాను.

అంతే, వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం మా అబ్బాయి షాపునుంచి వచ్చాక వాడితో నేనే చెప్పాను, నీ పెళ్ళాం పిల్లకి లేని రోగం వెతుకుతోందని. వాడు రామచంద్రపురంలో కరెంటు సామాన్ల షాపులో పనిచేస్తాడు. పొద్దున్న ఎనిమిదింటికి పోతే రాత్రికే రావడం. వాడికి తీరికా లేదు, నా ముందు నోరూ లేదు. అమ్మ చూసుకుంటుందిలే అన్నాడట పెళ్ళాంతో.

ఏడాది దాటింది, ఏడాదిన్నర అయింది. పిల్ల నడుస్తోంది, పరుగెడుతోంది, ఏది ఎక్కడ దాచినా కళ్ళతోనే పట్టేస్తోంది. నోట్లోంచి ఆ, ఊ తప్ప మాట లేదు. ఒకరోజు ఎదురింటావిడ తమ్ముడి కూతురికి వస ముక్క కోసం వచ్చి, తీసుకుని, గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగింది.

"అవునుగానీ మామ్మగారూ, మీ మనవరాలికి పొయ్యలేదాండీ?"

ఆ మాట నాకు పళ్ళసందున ఇరుక్కున్న పీచులా రోజంతా ఉండిపోయింది. మర్నాటినుంచి మూడు చుట్లు అయిదయ్యాయి, అయిదు పదయ్యాయి. పిల్ల వాంతి చేసుకుంటే కఫం పోతోంది మంచిదే అన్నాను. అయినా మాట రాలేదు. అప్పుడు తప్పు దేనిదో నాకు తెలిసిపోయిందనుకున్నాను. వస నాది, సాన నాది, చెయ్యి నాది. పాలు మాత్రం దానివి.

వీధరుగు మీద నలుగురు ఆడవాళ్ళు ఉండగా అన్నాను. "పాలు మంచివైతే వస పనిచేస్తుంది. నీటిపాలకి ఏం పనిచేస్తుంది?" కోడలు అక్కడే ఉంది, పిల్ల దాని చంకలోనే ఉంది. పిల్ల నా నోటివంక చూసి నవ్వింది, నేనేదో ముద్దుచేస్తున్నాననుకుని. ఆరోజు సాయంత్రమే కోడలు పాలు మాన్పించేసింది. ఆ తరవాత నేను తేనెలో అరగదీసేదాన్ని.

పిల్లకి సానరాయి తెలిసిపోయింది. నేను గూట్లోంచి రాయి తీస్తుంటే ఎక్కడున్నా చూసేది, చూసి నోరు రెండు చేతులతో మూసుకుని మంచం కిందికి దూరేది. కాలు పట్టి బయటికి లాగేదాన్ని. నోరు తెరవకపోతే ముక్కు మూసేదాన్ని. ఊపిరి కోసం తెరుస్తుంది కదా, అప్పుడు రాసేదాన్ని. ఇదంతా కాగితం మీద పెడుతుంటే నా చెయ్యి ఆగడం లేదు. అప్పుడూ ఆగలేదు. మందు పోసే చేతికి జాలి ఉండకూడదని మా అత్తగారు నేర్పింది.

రెండేళ్ళు నిండాయి. మాట వస్తే అభిషేకం చేయిస్తానని మొక్కుకుని, ఓ సోమవారం ద్రాక్షారామం తీసుకెళ్ళాం. కోడలు బయట కొబ్బరికాయ కొంటూ ఉండిపోయింది. మా అబ్బాయి పిల్లని ఎత్తుకుని గంట కింద నిలబడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాడు. వెనకనుంచి ఒకాయన వచ్చి, ఏం కోరిక ఉందో ఏమో, ఆ గంట బలమంతా పెట్టి కొట్టాడు. నాకే చెవులు గింగురుమన్నాయి. పక్కనున్న ఆవిడ భుజం మీద పిల్లాడు ఉలిక్కిపడి గోలెత్తాడు. మా పిల్ల చెవికి ఆ గంట జానెడు దూరంలో ఉంది. పైన దూలం మీద పావురం కూర్చుని ఉంది. పిల్ల ఆ పావురాన్నే చూస్తోంది. తల కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

అది చూసింది నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చాక ఎవరూ లేనప్పుడు ఇత్తడి పళ్ళెం తీసుకుని, పెరట్లో గవ్వలతో ఆడుకుంటున్న పిల్ల వెనక నిలబడ్డాను. పచ్చడిబండతో ఒక్కటి కొట్టాను. జామచెట్టు మీది కాకులు లేచిపోయాయి. పిల్ల ఒక గవ్వ మీద ఇంకో గవ్వ పెట్టే ప్రయత్నంలో ఉంది. రెండోసారి కొట్టాను. గవ్వ నిలబడినందుకు తనలో తనే నవ్వుకుంది.

పళ్ళెం తీసుకెళ్ళి దాని చోట పెట్టేశాను. దీపం వెలిగించి కొమ్ము కాల్చాను. ఎప్పట్లాగే పది చుట్లు అరగదీసి, ఎప్పట్లాగే పిల్ల నోరు తెరిపించి రాశాను.

ఎందుకని అడిగితే నా దగ్గరున్నది ఒకటే జవాబు. ఆ వారంలో రెండిళ్ళవాళ్ళు వస కోసం వస్తామని చెప్పి ఉన్నారు. వీధిలో నలుగురి ముందు కోడలి పాలని తిట్టి ఉన్నాను. ఇప్పుడు ఏ నోటితో చెప్పను? మాట పడిపోతుందని భయం. పిల్లకి రాని మాట గురించి కాదు, నా మాట గురించి. అలా ఏడు నెలలు నోరు మూసుకున్నాను. ఆ ఏడు నెలలూ వస పోశాను.

చివరికి కోడలే తెగించింది. పిన్ని కూతురి ఓణీల ఫంక్షనని చెప్పి, పిల్లని తీసుకుని పొద్దున్నే బస్సెక్కింది. నిజంగానే పట్టుచీర కట్టుకుంది, నాకు అనుమానం రాకుండా. సాయంత్రం తిరిగొచ్చేసరికి నేను చప్టా మీద గిన్నెలు బోర్లిస్తున్నాను. పిల్ల దాని భుజం మీద నిద్రపోతోంది. కోడలు చీరైనా మార్చుకోకుండా పెరట్లోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతిలో ఆసుపత్రి కాగితం ఉంది, గీతలు గీసి. ఆ గీతలన్నీ అడుక్కి దిగిపోయి ఉన్నాయి. చదువు రానివాళ్ళకి కూడా అర్థమయ్యే కాగితం.

"పుట్టుకతోనే వినపడదంటండి" అంది. గొంతు పెంచలేదు. "ఏడాది లోపల తీసుకొచ్చి ఉంటే చాలా బాగుండేదన్నారు డాక్టరుగారు. ఇంకా ఆలస్యమైతే ఆపరేషను చేసినా మాట కష్టమన్నారు."

నేను గిన్నె తిరగేస్తూ వస గురించేమైనా అన్నారా అని అడిగాను. నాకు అప్పుడు కూడా అదే కావాలి. చెవుడు వస వల్ల రాలేదన్నారట. కానీ పసిబిడ్డకి అది పొయ్యకూడదని, అన్నేసి వాంతులు అందుకేనని గట్టిగా చీవాట్లు పెట్టారట. ఆ చీవాట్లు కోడలే పడింది. పోసింది అత్తగారని అది చెప్పలేదట.

పిల్లని రెండో భుజం మీదికి మార్చుకుని అడిగింది. "మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదాండి అత్తయ్యగారూ? రోజంతా మీ దగ్గరే ఉండేది కదండి."

"రాలేదు" అన్నాను.

ఆ ఒక్క అబద్ధం చెప్పి గిన్నెలన్నీ బోర్లించేశాను. కోడలు నేను రాస్తున్న ఈ కాగితాలు చదువుతుంది. చదవనీ. గుడిలో గంట సంగతీ, పళ్ళెం సంగతీ దానికి ఇప్పటిదాకా తెలియదు. నోటితో చెప్పడం నావల్ల కాక రాస్తున్నాను. ఏడ్చి చెప్పడం నాకు చేతకాదు. ఏడిస్తే మళ్ళీ అదే నాకు మంచినీళ్ళు తెచ్చివ్వాలి.

ఆపరేషను విశాఖపట్నంలో జరిగింది. చెవి వెనక చర్మం కింద ఏదో పెట్టారు, పైన గుండీ లాంటి మెషీను. వినపడడమైతే వినపడుతుంది, కానీ మూడేళ్ళ పిల్ల వినడం మొదటినుంచీ నేర్చుకోవాలన్నారు. మాట ఒక్కొక్కటీ తవ్వి తీయాలన్నారు. కోడలు వారానికి రెండుసార్లు రాజమండ్రి బస్సెక్కుతుంది. ఒక్క వారం మానలేదు. మెట్టవాళ్ళకి ఎండ అలవాటు కదా అని నేనొకసారి అనబోయి ఊరుకున్నాను. నా జీవితంలో ఊరుకున్న సందర్భాలు తక్కువ.

మాటలు రాకముందే, ఆపరేషనైన ఏడాదిలోనే, తల్లీకూతుళ్ళిద్దరూ చేతులతో ఓ భాష కల్పించుకున్నారు. ఇంట్లో అందరికీ అందులో గుర్తులున్నాయి. నాన్నంటే మీసం మీద వేలు. అమ్మంటే బుగ్గ మీద అరచెయ్యి. ఒకరోజు భోజనాలు వడ్డించి, మామ్మని పిలు అన్నట్టు కోడలు పిల్లకి సైగ చేసింది. కోడలు చేసిన సైగ నేను గుమ్మంలోంచి చూశాను. ఎడమ అరచెయ్యి చాచి, దాని మీద కుడి చూపుడువేలు గుండ్రంగా తిప్పింది. అరగదీసినట్టు.

ఆ గుర్తు కోడలు నేర్పింది కాదు, పిల్లే పెట్టిందట. మా అబ్బాయి చెప్పాడు. వేరే గుర్తు నేర్పుదామని కోడలు ఎంత ప్రయత్నించినా పిల్ల ఒప్పుకోలేదట. నాకు ఈ ఇంట్లో పేరు అదే.

వస మడి మాత్రం పీకలేదు. మొక్క చేసిన పాపమేముంది? బియ్యంలో వేస్తున్నాను, బట్టల పెట్టెలో వేస్తున్నాను. కడుపుబ్బరానికి నేను బొడ్డు చుట్టూ రాసుకుంటున్నాను. పసిపిల్లలకని అడిగితే ఇవ్వను. మొన్నామధ్య వీధి చివరింటి కోడలి తల్లి వచ్చింది, మనవడికి పదో నెల, నోరు విప్పడం లేదని. వస లేదు పోమ్మా, ఇంటికెళ్ళి పిల్లాడి వెనక నిలబడి స్టీలుపళ్ళెం కింద పడెయ్యి, వాడు తిరిగాడా లేదా చూసుకో, తిరక్కపోతే రేపే రాజమండ్రి బస్సెక్కండి అన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది.

"ఏంటండీ మామ్మగారూ, మా పిల్లాడికి చెవుడు అంటగడతారా?"

నా మాటే. ఎవరు మోసుకొచ్చారో గానీ, అక్షరం పొల్లుపోకుండా తెచ్చి నా గుమ్మంలోనే పెట్టిపోయింది. ఆవిడ వేరేచోట వస సంపాదించి పోస్తోందని విన్నాను. నేను రోజూ ఆ ఇంటిముందునుంచి పోతూ పళ్ళెం చప్పుడు కోసం చెవి పెడుతున్నాను. ఇంతవరకు వినపడలేదు.

పోయిన నెల సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. మధ్యాహ్నం కడుపులో పట్టేసినట్టయితే పెరటి గడపలో కూర్చుని సానరాయి ముందు పెట్టుకున్నాను. ఇంట్లో పిల్ల, తల్లి ఉన్నారు, ముందుగదిలో బొమ్మల పుస్తకం పెట్టుకుని. నా వీపు వాళ్ళవైపు ఉంది, మధ్యలో గోడ. చుక్క నీళ్ళు వేసి కొమ్ము అరగదీయడం మొదలుపెట్టాను. వసకొమ్ము గట్టిది, రాయి మీద గరగరమంటుంది. ఆ చప్పుడు నేనెప్పుడూ లెక్కచేసింది కాదు.

మూడో చుట్టుకే వెనక చిన్న అడుగులు వినిపించాయి. తిరిగి చూస్తే మా మనవరాలు. దానికిప్పుడు అయిదేళ్ళు దాటాయి. గది లోపలినుంచి దానికి నేను కనపడను, రాయీ కనపడదు. చప్పుడు విని వచ్చింది. పుట్టాక నేను చేసిన చప్పుడు విని అది నా దగ్గరికి రావడం అదే మొదటిసారి.

రా అని చెయ్యి చాపాను. చాపిన చేతికే వస గంధం అంటి ఉంది, చూపుడువేలి నిండా.

పిల్ల వేలు చూసింది, రాయి చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత ఒక్క చెయ్యి తీసి, నా కళ్ళలోకి చూస్తూ అంది.

"వద్దు."

దకారం సరిగ్గా పలికింది. రాజమండ్రిలో ఆ అక్షరం కోసం నెలలు కష్టపెట్టారని కోడలు అంటుంటే విన్నాను. నాతో అది ఆడిన మొదటి మాట అది. వెనక గుమ్మంలో కోడలు వచ్చి నిలబడి ఉంది. పిల్లని లాక్కోలేదు. మాట స్పష్టంగా వచ్చినందుకు దాని ముఖంలో సంతోషం, ఏ మాట వచ్చిందో దానికి దుఃఖం, రెండూ ఒక్కచోటే ఉన్నాయి.

నీకు కాదమ్మా, నాకు అని చెప్పాలి. నోటితో చెబితే అంత మాట దానికింకా అర్థం కాదు. వాళ్ళ చేతుల భాష నాకు రాదు. నేర్చుకోలేదు.

అరగదీసింది పారెయ్యడం నాకు అలవాటు లేదు. పిల్ల చూస్తుండగా నా నోరే తెరిచి, ఆ గంధమంతా నా నాలిక మీద రాసుకున్నాను. మా అమ్మ నాకు పోసే ఉంటుంది, జ్ఞాపకం లేదు. తరవాత నలభై ఏళ్ళు ఊరందరికీ పంచానే గానీ ఒక్కసారి రుచి చూడలేదు. చేదు ముందు వచ్చింది, వెనకే మంట. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. గొంతులోంచి వాంతి తన్నుకొచ్చింది. మింగేశాను.

పిల్ల నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి మాత్రం తియ్యలేదు.